ఈరోజు ఎన్నో రోజు?

ల్యాబ్ ప్రాజెక్టులో తేదీ వచ్చిందంటే మనలో చాలామంది దాన్ని స్ట్రింగ్‌గా దాచేస్తాం. "05-03" అని. అది మార్చి 5ా, మే 3ా అన్న గొడవ తర్వాత మొదలవుతుంది. లైబ్రరీ ఫైన్ లెక్కకట్టాలంటే నెలకి 30 రోజులా 31ా, లీపు సంవత్సరమా కాదా అని ఇఫ్‌ల మీద ఇఫ్‌లు రాస్తాం. నా మాట సూటిగా చెప్తాను. తేదీని రోజుల సంఖ్యగా దాచడమే మంచిది. కానీ ఆ సంఖ్య పక్కన రెండు విషయాలు రాసిపెట్టకపోతే అది కూడా మోసం చేస్తుంది.

ముందు మంచి సంగతి. ఆర్ లాంగ్వేజ్‌లో సిస్ డేట్ ఫంక్షన్ ఈరోజు తేదీ ఇస్తుంది. చూడ్డానికి మామూలు తేదీలాగే ఉంటుంది గానీ, లోపల ఉండేది 1970 జనవరి 1 నుంచి గడిచిన రోజుల లెక్క. 2000 జనవరి 1కి అది 10957. పుస్తకం తీసుకున్న రోజుకీ తిరిగిచ్చిన రోజుకీ మధ్య ఎన్ని రోజులంటే ఒక్క తీసివేత చాలు. వారం కూడా అందులోనే ఉంది. 10957ని 7తో భాగిస్తే శేషం 2. 1970 జనవరి 1 గురువారం కాబట్టి, రెండు రోజులు ముందుకెళ్తే శనివారం.

ఈ ఆలోచన కంప్యూటర్లతో పుట్టింది కాదు. మన పాత జ్యోతిష సిద్ధాంతాల్లో దీని పేరు అహర్గణం, అంటే రోజుల గుంపు. కలియుగం మొదలు నుంచి, అంటే జూలియన్ క్యాలెండర్ ప్రకారం క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18 నుంచి, గడిచిన రోజుల లెక్క. గ్రహం ఎక్కడుందో చెప్పాలంటే ముందు ఈ సంఖ్య కావాలి. 2000 జనవరి 1కి అది 1863079. 7తో భాగిస్తే శేషం 1. కలి మొదలైంది శుక్రవారం, కాబట్టి ఇక్కడా శనివారమే. లెక్క తప్పిందేమో వారంతో సరిచూసుకునేవాళ్లు. మనం చెక్‌సమ్ అని నేర్చుకునేది ఈ పనే.

ఇక రాసిపెట్టాల్సిన మొదటి విషయం: సున్నా ఎక్కడ? అదే 2000 జనవరి 1, పైథాన్‌లో టుఆర్డినల్ అడిగితే 730120, ఎక్సెల్‌లో 36526. ఎక్సెల్ నుంచి వచ్చిన 36526ని 1970 లెక్కలో చదివితే 2070 జనవరి 2 అవుతుంది. ఎర్రర్ రాదు. ప్రోగ్రామ్ హాయిగా నడుస్తుంది.

రెండోది: రోజు ఎప్పుడు మారుతుంది? జావాస్క్రిప్ట్‌లో ఇప్పటి సమయాన్ని 86400000తో భాగించి రోజు సంఖ్య తీస్తే అది యూటీసీ రోజు. మన దగ్గర ఉదయం 5:30 దాకా అది నిన్నే. ఒక అమ్మాయికి మంగళవారం తెల్లవారుజామున నాన్నకి బాగోలేదని ఫోన్ వచ్చి 4 గంటలకి హాస్టల్ నుంచి బయల్దేరిందనుకోండి. అవుట్‌పాస్ సోమవారం తేదీతో పడుతుంది. సోమవారం అన్ని క్లాసుల్లో కూర్చున్నా ఆబ్సెంట్. 75 శాతం దగ్గర ఊగిసలాడే వాళ్లకి ఇది చిన్న బగ్ కాదు.

"లైబ్రరీ ఫంక్షన్ ఉందిగా, అదే చూసుకుంటుంది" అంటారు. అది మెషీన్ టైమ్ జోన్‌ని బట్టి చెప్తుంది. మన ల్యాప్‌టాప్‌లో సరిగ్గా వచ్చింది, యూటీసీలో పెట్టిన క్లౌడ్ సర్వర్ మీద నిన్నటిది ఇస్తుంది. "ఈరోజు" ఎవరి ఈరోజో నిర్ణయించాల్సింది మనమే.

పాతవాళ్లలోనూ ఈ తేడా ఉండేది. ఆర్యభటీయం రోజుని సూర్యోదయం నుంచి లెక్కపెడుతుంది, సూర్యసిద్ధాంతం అర్ధరాత్రి నుంచి. కానీ ఏది ఎక్కడ మొదలవుతుందో దాచిపెట్టలేదు. ఇప్పటికీ పంచాంగంలో వారం సూర్యోదయంతోనే మారుతుంది. రాత్రి మూడింటికి "ఇంకా సోమవారమే" అనే బామ్మది తప్పు కాదు. ఆమె రూల్ ఏంటో ఇంట్లో అందరికీ తెలుసు. మన కోడ్ రూల్ ఏంటో టీమ్‌మేట్‌కి కూడా తెలీదు.

కాబట్టి ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టులో రోజు సంఖ్య వాడితే పైన ఒక్క కామెంట్ రాయండి: "1970 జనవరి 1 సున్నా, భారత కాలమానం ప్రకారం అర్ధరాత్రి మారుతుంది." వైవాలో దీని గురించి ఎవరూ అడక్కపోవచ్చు. ఆ అవుట్‌పాస్ పట్టుకుని ఆఫీసు ముందు నిలబడే అమ్మాయి మాత్రం అడుగుతుంది.