ముద్ర తన చేతిలోనే ఉంటే...

రాజముద్ర రాజుగారి దగ్గర ఉంటుందనుకుంటాం. రోజువారీ వ్యవహారంలో అది ఉండేది దాన్ని వేసే ఉద్యోగి దగ్గర. మరి ఆ ఉద్యోగికే ఓ బిరుదు మీద మనసైతే?

ఇప్పటి చెక్ రిపబ్లిక్ పశ్చిమ సరిహద్దులో ఖెబ్ అనే ఊరుంది. జర్మన్లు దాన్ని ఏగర్ అంటారు. 600 ఏళ్ల కిందట అది బొహీమియా రాజుల ఏలుబడిలో ఉన్నా, అక్కడివాళ్ల భాష జర్మనే. ఆ ఊరి బట్టల వ్యాపారి కొడుకు కాస్పర్ ష్లిక్. జర్మనీ రాజు సిగిస్మండ్ కొలువులో రాయసగాడిగా చేరాడు. ఆ రోజుల్లో రాజుగారి దస్తావేజులు చూసే పెద్ద పదవులు మతగురువులవే. ష్లిక్ మాత్రం చురుకైన బుర్రతో, రాజు వెంట ఊరూరా తిరిగిన ఓపికతో మెట్లెక్కాడు. 1433లో రోమ్‌లో సిగిస్మండ్‌కు చక్రవర్తిగా పట్టాభిషేకం జరిగింది. ఆ ఏడే ష్లిక్ ఛాన్సలర్ అయ్యాడు. మతగురువు కానివాడు ఆ కుర్చీ ఎక్కడం అదే మొదలు. సైలీషియా రాజవంశపు ఆడపడుచును పెళ్లాడాడు. సిగిస్మండ్, ఆల్బర్ట్, ఫ్రెడరిక్... ప్రభువులు ముగ్గురు మారినా ఛాన్సలర్ ఆయనే.

ఓ ఊరికి సంత పెట్టుకునే హక్కు కావాలన్నా, ఓ ప్రభువుకు జాగీరు దక్కాలన్నా కాగితం కదలాల్సింది ఆయన కచేరీ నుంచే. అందరి పనులూ చక్కబెట్టిన ష్లిక్‌కు ఒకటే వెలితి... తండ్రి బట్టల వ్యాపారి! తల్లి ఇటలీలోని కొల్లాల్టో ప్రభువుల ఇంటి బిడ్డ అని చెప్పుకున్నాడు. బస్సానో కౌంట్ అన్న బిరుదూ ఉంది. ఆ బస్సానో మాత్రం వెనిస్ వాళ్ల చేతిలో ఉంది!

ఆయన 1449లో పోయాడు. నాలుగున్నర శతాబ్దాలు ఆ పత్రాలు భద్రంగానే ఉన్నాయి. 1901లో మాక్స్ ద్వొర్జాక్ అనే పండితుడు వాటిని పరిశీలించి, కొన్ని ష్లిక్ సృష్టించుకున్న దొంగ దస్తావేజులేనని వాదించాడు. ఏవి అసలు, ఏవి నకిలీ అన్న చర్చ ఆ తర్వాతా సాగింది. వంగతోట దగ్గర తప్ప అన్నిచోట్లా హరిశ్చంద్రుడే అంటారే, అలాగన్నమాట.

విచిత్రమేమిటంటే, ఆయనకు పేరు తెచ్చింది ఆ కాగితాలు కావు. కచేరీలో తన అండతో ఎదిగిన పిక్కొలొమిని 1444లో లాటిన్‌లో ఇద్దరు ప్రేమికుల కథ రాశాడు. చక్రవర్తి పరివారంతో సియెనా వచ్చిన యువకుడు, అక్కడి వివాహిత లుక్రేషియా ప్రేమలో పడతారు. అతను వెళ్లిపోతాడు, ఆమె దిగులుతో చనిపోతుంది. ఆ యువకుడు ష్లిక్కేనని చాలామంది నమ్మకం. రాసినాయన 1458లో రెండో పయస్ పేరుతో పోప్ అయ్యాడు. అప్పుడు ఆ కథ రాసినందుకు నొచ్చుకున్నాడట!

బట్టల కొట్టు నుంచి చక్రవర్తి కచేరీ దాకా నడిచిన మనిషికి అంతకన్నా పెద్ద బిరుదేం కావాలి? ఆ సంగతి ఆయన ఒక్కడికే తట్టలేదు.

కొసమెరుపు: 1520 ప్రాంతంలో ష్లిక్ వంశంవాళ్లు బొహీమియాలోని యోఆఖిమ్స్‌టాల్‌లో దొరికిన వెండితో నాణేలు ముద్రించారు. ఊరి పేరుతో అవి ‘టాలర్లు’ అయ్యాయి. ఆ మాటే తర్వాత ‘డాలర్’ అయింది. పెద్దాయన ముద్రల మీద అనుమానాలున్నాయి గానీ, వంశంవాళ్ల ముద్ర మాత్రం దేశదేశాల్లో చెల్లింది!