సూది గుచ్చితే పాకదు

"గడ్డని కదిలించొద్దక్కా, సూది గుచ్చినారంటే పాకిపోద్ది." కృష్ణపట్నం నుంచి మైపాడు, జువ్వలదిన్నె దాకా ఈ నెల్లూరు తీరం వెంబడి ఏ ఊళ్ళోనైనా, రొమ్ములో గడ్డ తగిలిందని ఒక ఆడమనిషి నోరు విప్పితే మొదట వినపడే మాట ఇదే. అనేవాళ్ళు పగవాళ్ళు కారు. ప్రాణం పెట్టే స్నేహితురాళ్ళు, తోడికోడళ్ళు, వరసకు అన్నలు. పగవాళ్ళు అంటే కొట్టిపారేయొచ్చు. వీళ్ళు అంటే ఆమె వింటుంది, పరీక్ష మానేస్తుంది. అందుకే ఈ మాటను గట్టిగా ఖండించాలి.

సూది పరీక్షలో అసలు ఏం చేస్తారు? ఎఫ్ఎన్ఏసీ అయితే సన్నటి సూదితో గడ్డలోంచి కాసిని కణాలు లాగి, గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తారు. బయాప్సీ అయితే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కాస్త లావు సూదితో దారప్పోగంత ముక్క తీస్తారు. టక్కుమని చప్పుడవుతుంది, ఆ చప్పుడుకు ఉలిక్కిపడటమే తప్ప నొప్పి పెద్దగా ఉండదు. ఈ మాత్రానికి రొమ్ము గడ్డ ఒళ్ళంతా పాకిపోతుందనడానికి ఆధారం లేదు. కొన్నిచోట్ల సూదితో జాగ్రత్త పడాల్సిన మాట నిజమే. వృషణంలో గడ్డ ఉన్నా, అండాశయంలో కొన్ని రకాల గడ్డలున్నా సూది పెట్టకుండా మొత్తం తీసి పరీక్షకు పంపుతారు. అది డాక్టర్లకు తెలియని రహస్యం కాదు, వాళ్ళ పాఠాల్లో ఉన్నదే. ఆ రెండు మినహాయింపుల్ని పట్టుకుని రొమ్ము గడ్డకూ, మెడ బిళ్ళకూ, నోట్లో నెలల తరబడి మానని పుండుకూ పరీక్ష వద్దనేవాళ్ళు ఏ ధైర్యంతో అంటున్నారో నాకు అర్థం కాదు.

ఈ నమ్మకం ఎట్లా పుట్టిందో మాత్రం అర్థమవుతుంది. మన దగ్గర చాలామంది ఆసుపత్రి గడప తొక్కేది గడ్డ పగిలి, నీరు కారి, వాసన మొదలయ్యాక. అప్పుడు ముక్క తీస్తారు. అప్పటికే జబ్బు ముదిరిపోయి ఉంటుంది కాబట్టి కొన్ని నెలల్లో మనిషి దక్కకుండా పోతుంది. ఊరు లెక్క కట్టేస్తుంది: సూది గుచ్చారు, పోయింది. సూదికి ముందు ఇంట్లో కూర్చుని పోగొట్టుకున్న ఏడాది ఆ లెక్కలోకి రాదు.

పైగా అనుమానం ఉన్న గడ్డ అయితే, కణాలో ముక్కో చూడకుండా అది క్యాన్సరో కాదో గట్టిగా చెప్పగలిగేవాళ్ళు లేరు. రొమ్ములో చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, వయసులో ఉన్న ఆడపిల్లల్లో అయితే మరీనూ. మెడలో బిళ్ళలు టీబీ వల్ల కూడా కడతాయి. ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో మచ్చ కనిపించినా అది టీబీ కావచ్చు. మామూలు టీబీకి ఆరు నెలల మందు, సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. సూది వద్దన్న స్నేహితురాలు ఆమెను క్యాన్సర్ నుంచి కాపాడటం మాట అటుంచి, ఏ జబ్బూ లేదన్న కబురు కూడా ఆమెకు అందకుండా చేస్తోంది.

సూది వద్దన్న నోరు అక్కడితో ఊరుకోదు. ఫలానా ఊళ్ళో పసరు పోస్తారనీ, ఆకు నూరి కడతారనీ చెబుతుంది. ఆ కట్లలో కొన్ని చర్మాన్ని కాల్చి పుండు చేస్తాయి, తర్వాత డాక్టరు పని రెండింతలవుతుంది. ఈ మధ్య ఫోన్లలో లక్ష్మణఫలం ఒకటి తిరుగుతోంది, కీమోకంటే పదివేల రెట్లు బలమట. గాజు గిన్నెలో పెంచిన కణాల మీద చేసిన ప్రయోగాన్ని తీసుకొచ్చి మనుషులకు అంటగట్టారు. మనిషిలో క్యాన్సర్‌ను తగ్గించినట్టు ఇంతవరకూ రుజువు లేదు.

పసరుమందు మీద వాదన మొదలుపెడితే మన జిల్లాలో వెంటనే కృష్ణపట్నం మాట వస్తుంది. 2021 మే నెల మనం కళ్ళారా చూశాం. బొణిగి ఆనందయ్య ఇచ్చే కరోనా మందు కోసం మే 21న జనం వేలల్లో ఊరి మీద పడ్డారు, ఊపిరాడని వాళ్ళను అంబులెన్సుల్లో తెచ్చారు. ప్రభుత్వం పంపిణీ ఆపించింది, కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి పరిశీలించింది, నెలాఖరుకు కంటి చుక్కలను పక్కనపెట్టి, మిగతావాటిలో కొన్నిటికి అనుమతి వచ్చింది. ఆయన ఒక్క రూపాయి తీసుకోకుండా ఇచ్చారు, ఆ మంచితనాన్ని నేను శంకించడం లేదు. కానీ అనుమతి ఇస్తూ ప్రభుత్వమే ఇంకో మాట చెప్పింది: దీనితో కరోనా తగ్గుతుందనడానికి రుజువు లేదు, డాక్టర్లు రాసిన మందులు మానొద్దు. అనుమతి మనకు గుర్తుండిపోయింది, రెండో మాట ఎవరికీ గుర్తులేదు. కరోనా వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గింది. అలాంటి జబ్బుకు ఏ మందిచ్చినా పేరొస్తుంది. క్యాన్సర్ దానంతటది తగ్గదు. ఆ రోజుల సాక్ష్యం తెచ్చి గడ్డకు అతికించడం కుదరదు.

దేవుడి మీద భారం వేసేవాళ్ళతో నాకు తగాదా లేదు. మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకునే వేలమందిలో ఆమె కూడా ఉండొచ్చు. పట్టుకోనివ్వండి. రొట్టె పట్టుకున్న చేత్తోనే సూది పరీక్ష కాగితం కూడా పట్టుకుంటే చాలు, ఆ రెంటికీ పేచీ లేదు.

ఇక రెండో ఘనకార్యం: "ఏంగాదులే." రోజుకు పదిమంది ఫోను చేసి ఏం కాదంటారు. వాళ్ళకెట్లా తెలుసు? ఆ మాట అన్న తర్వాత ఆమె మాట్లాడటానికి ఏమీ మిగలదు. రొయ్యల గుంట మీద తెచ్చిన అప్పు, పదో తరగతి పరీక్ష రాయాల్సిన పిల్ల, ఆసుపత్రికి తోడు రమ్మంటే వేటకు పోయే మొగుడు ఏమంటాడోనన్న దిగులు, ఇవన్నీ గొంతులోనే ఆగిపోతాయి. భయంగా ఉందని ఆమె అంటే, అవును భయంగానే ఉంటుంది, రేపు నేనొస్తా పోదాం అనొచ్చు. ఇంతకన్నా గొప్ప ఓదార్పు నాకు తెలిసి లేదు.

మూడోది అన్నిటికన్నా గడుసుది. ఆసుపత్రి వరండాలో డాక్టరు చెయ్యి పట్టుకుని, "అమ్మకు చెప్పమాక సార్" అంటారు కొడుకులు, తమ్ముళ్ళు. ఆమె తట్టుకోలేదట. ఆమెకు చదువు రాదనే అనుకుందాం. క్యాన్సర్ వార్డు బయట బెంచీ మీద గంటల తరబడి కూర్చున్న మనిషికి పక్కనవాళ్ళు ఎందుకొచ్చారో తెలియదా? జుట్టు రాలిపోయిన తలలు కనపడవా? తెలుస్తుంది. తెలిసి, మనం దాస్తున్నామని కూడా తెలిసి, మన కోసం తెలియనట్టు ఉంటుంది. ఎవరు ఎవర్ని కాపాడుతున్నట్టు? 2013 అక్టోబరు 19న నటుడు అక్కినేని నాగేశ్వరరావు విలేకరులను పిలిపించుకుని తనకు క్యాన్సర్ అని తానే చెప్పారు. తొంభైకి దగ్గరపడిన మనిషి. ఆ తర్వాత ఇంట్లో మంచం మీద నుంచే 'మనం' సినిమాకు డబ్బింగ్ చెప్పి, 2014 జనవరి 22న కన్నుమూశారు. చెబితే కుంగిపోతారు, మూల పడిపోతారు అని ఊళ్ళో వాదించేవాళ్ళు ఆ మూడు నెలల సంగతి ఏమంటారు? వినడం ఇష్టం లేదని ఆమే అంటే అది వేరు, ఆ హక్కు ఆమెది. ఆమెను అడక్కుండా మనం తీర్మానించడానికి లేదు.

మరి స్నేహితులు చేయాల్సిన పనేమిటంటే, ఎక్కువ భాగం కాగితాల పని. వినడానికి చప్పగా ఉంటుంది గానీ నిజం. మామోగ్రాం రిపోర్టు చివర్న 'బైరాడ్స్ 4' అని ఉంటుంది. ఇంట్లో డిగ్రీ చదివిన కుర్రాడు దాన్ని చూసి పెరట్లోకి పోయి ఏడుస్తాడు, ఫోర్త్ స్టేజీ అంట అని. కాదు. స్కానింగ్ చూసిన డాక్టరుకు ఎంత అనుమానం ఉందో చెప్పే అంకె అది. 4 అంటే ముక్క తీసి చూడాలని. అందులో క్యాన్సర్ తేలే అవకాశం నూటికి రెండు మొదలు తొంభై ఐదు దాకా ఎంతైనా ఉండొచ్చు, అందుకే మళ్ళీ 4ఏ, 4బీ, 4సీ అని విడగొడతారు. స్టేజీ వేసేది క్యాన్సర్ అని తేలిన తర్వాత, ఎంతదూరం పోయిందో చూశాక. 'గ్రేడ్ 3' అని కనిపించినా మూడో స్టేజీ కాదు, కణాల తీరు ఎంత దూకుడుగా ఉందో చెప్పడమే. 'పాజిటివ్' అన్న మాట కరోనా నాటి నుంచీ మనల్ని హడలగొడుతోంది. రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్' అంటే హార్మోన్ మాత్రలు పనిచేసే అవకాశం ఉన్న రకం అని, ఉన్నంతలో మంచి కబురు. ఇవన్నీ మీకు ముందే తెలిసి ఉండాలనేం లేదు. కాగితం చూసి ఊహించకుండా, డాక్టరు ముందు పెట్టి అడిగేదాకా నోరు కట్టుకుంటే చాలు.

ముక్క తీశాక చిన్న డబ్బీలో ఫార్మలిన్ పోసి అందులో వేసి మన చేతికే ఇస్తారు చాలా చోట్ల, ల్యాబులో ఇచ్చి రమ్మని. ఆమె అప్పుడు దూది అదిమిపట్టుకుని కూర్చుని ఉంటుంది. డబ్బీ మీద పేరు, వయసు, కుడో ఎడమో రాసి ఉందా, చీటీతో కలిసిందా చూడాల్సింది తోడు వెళ్ళినవాళ్ళే. రిపోర్టు ఎన్నాళ్ళకిస్తారో అడిగి రాసుకోవాలి. క్యాన్సర్ అని తేలి వేరే ఊరికి పోవాల్సొస్తే ఒక్క కాగితంతో పోకండి, ల్యాబులో దాచిన ఆ ముక్క బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోండి. లేకపోతే మళ్ళీ సూది, మళ్ళీ వారం. నెల్లూరులోనే రెడ్‌క్రాస్ వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అటు తిరుపతి ఉంది. చెల్లెల్ని 1923లో క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుబట్టి 1954లో పన్నెండు పడకలతో మొదలుపెట్టించిన అడయార్ ఆసుపత్రి, పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి చేరే చెన్నైలో ఉంది. ఆరోగ్యశ్రీ అని మనకు అలవాటైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. ఏ ఆసుపత్రిలో ఏ వైద్యానికి వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు. కార్డు, ఆధార్ జిరాక్సులు పట్టుకుని ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర నిలబడటం కూడా స్నేహమే.

మీ ఎరికలో ఎవరికైనా సూది పరీక్ష రాసిచ్చి, ఇంకా చేయించుకోకుండా ఉంటే, వాళ్ళకు ధైర్యం చెప్పడానికి ఫోను చేయకండి. రేపు పొద్దున ఎన్ని గంటలకు బయల్దేరదామని అడగడానికి చేయండి.