వెనుక వరుసలో నిలిచినవాడు

ఈ మధ్య ఒక మిత్రునితో మాటల సందర్భంలో ఫుట్‌బాల్ ప్రస్తావన వచ్చింది. ఇటలీ రక్షణ ఆటగాడు ఫాబియో కన్నవారో 2006లో నాయకుడిగా ప్రపంచ కప్పు అందుకున్న సంగతీ, ఆ ఏడే బాలన్ డి ఓర్ పొందిన సంగతీ, ఆ తరువాత శిక్షకుడై దేశదేశాలు తిరిగిన సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాడు. అంతా విని, "మరి మన నయీముద్దీన్ మాటేమిటి?" అని అడిగాను. "ఆయనెవరు?" అన్నాడు. మా మిత్రునిది నిజామాబాదు, నాది బోధన్. నయీముద్దీన్‌ది హైదరాబాదు. ఇటలీ కన్నా హైదరాబాదే మాకు దూరమైపోయిందన్న మాట.

సయ్యద్ నయీముద్దీన్ 1944లో జన్మించారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో ఆడి, కలకత్తా వెళ్ళి అక్కడి మూడు పెద్ద జట్ల తరఫునా వెనుక వరుసలో నిలిచారు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన నాయకత్వాన భారత జట్టు జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం గెలిచింది. ఆ ఏటి అర్జున పురస్కారం ఆయనది. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. ఫుట్‌బాల్‌కు తొలి ద్రోణాచార్య పురస్కారం కూడా ఆయనదే.

ఇక చేదు సంగతి. 2005 డిసెంబరులో కరాచీలో ఆయన శిక్షణలోని జట్టే దక్షిణాసియా కప్పు గెలిచింది. రెండు నెలలు తిరిగాయో లేదో, 2006 ఫిబ్రవరిలో అదే జట్టు జపాన్ గడ్డ మీద 0-6తో ఓడింది. ఆ ఏడే ఆయన స్థానంలో ఇంగ్లండుకు చెందిన బాబ్ హౌటన్ వచ్చాడు. ఆటగాడిగా జపాన్‌ను నిలువరించిన మనిషే శిక్షకుడిగా అదే జపాన్ చేతిలో ఆరు గోళ్ళు చూడవలసి వచ్చింది.

ఓడినది ఆయన ఒక్కడేనా? నేను ఒప్పుకోను.

మా బోధన్ వైపు చెరుకు వేసినవారికి తెలుసు. మొదటిది మొక్క తోట. నరికిన తరువాత ఆ దుబ్బుల నుంచే వచ్చేది కార్శి. దుక్కి ఖర్చు లేదు, విత్తనపు ఖర్చు లేదు గనుక కార్శి అందరికీ ముద్దే. కానీ కార్శి మీద కార్శి తీస్తూ పోతే గడ సన్నబడుతుంది, దిగుబడి పడిపోతుంది. ఏదో ఒక ఏడు దుబ్బులు పెకలించి కొత్త మొక్క నాటక తప్పదు.

హైదరాబాదు ఫుట్‌బాల్‌లో మొక్క నాటినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి 54 దాకా సిటీ పోలీసు జట్టుకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు. దేశానికి 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1963లో ఆయన కన్నుమూశారు. 1970 కాంస్యం నా దృష్టిలో ఆ తోట కార్శి పంటే. ఆ తరువాత మనం మళ్ళీ దుక్కి దున్నలేదు. జపాన్ 1993లో వృత్తి ఆటగాళ్ళ లీగు మొదలుపెట్టి, 1998లో ప్రపంచ కప్పు మెట్టెక్కింది. సన్నబడిన గడను చూపి రైతును తిట్టినట్టు మనం శిక్షకులను మార్చుకుంటూ పోయాము.

నేనూ చిన్నప్పుడు శక్కర్‌నగర్‌లో బ్యాక్ ఆడినవాణ్ణే. ఆట అంతా ఎన్ని బంతులు ఆపినా ఎవరికీ గుర్తుండదు. ఒక్క బంతి కాళ్ళ సందున జారితే ఏడాదంతా చెప్పుకుంటారు. ఫ్యాక్టరీ కాటా దగ్గర పనిచేసిన మా నాన్న ఒకనాడు నా ఏడుపు మొహం చూసి, "తూకం సరిగ్గా ఉన్ననాడు కాటావాని పేరు ఎవడు తలుస్తడు బిడ్డా?" అన్నాడు. రక్షణ ఆటగానిదీ, శిక్షకునిదీ అదే బతుకు. నయీముద్దీన్ ఆ రెండు పనులూ చేశారు. అందుకేనేమో రెండింతలు మరుగున పడ్డారు.

ఇప్పుడు మా జిల్లాలోని ఒక తండా నుంచి గుగులోతు సౌమ్య భారత జట్టు దాకా ఎదిగింది. 2024-25లో జాతీయ మహిళా లీగు గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆమె ఉంది. నయీముద్దీన్ మూడు కప్పులు తెచ్చిపెట్టిన క్లబ్బే అది. ఆమె గోళ్ళకు చప్పట్లు కొడదాము, తప్పక కొడదాము. దానితోపాటు మన ఊళ్ళ మైదానాల్లో పొద్దున్నే ఈల పట్టుకుని నిలబడే పంతుళ్ళ పేర్లు కూడా ఒకసారి అడిగి తెలుసుకుందాము. కొత్త మొక్క నాటేది వారే.

మీ ఊరి మైదానంలో అటువంటివారు ఎవరైనా ఉన్నారా? ఉంటే రాయండి.