రక్షణ చచ్చిన తరువాతేనా?

"ఇల్లు విడిచొస్తే నరకానికి పోతానంట గదక్కా!" ఇల్లందు గని బస్తీ నుంచి మా దగ్గరకు వచ్చిన ఒక సోదరి అన్న మొదటి మాట ఇది. కమిలిన మొహం కొంగుతో కప్పుకుని, ముందు నరకం సంగతి తేల్చమంది. ఆమె వెళ్లే ప్రార్థన మందిరంలో అయ్యగారు ఉపవాసముండమన్నారు, ఓర్చుకోమన్నారు. కొట్టిన భర్తకు మాత్రం ఏ నరకమూ చూపించలేదు.

క్రైస్తవాన్ని కించపరచడానికి ఇది రాయడం లేదు. ఇల్లందుకు దగ్గరలోనే డోర్నకల్ ఉంది. 1912లో వి.ఎస్. అజరయ్య అక్కడ బిషప్ అయ్యాక మాల, మాదిగలు వేల సంఖ్యలో క్రైస్తవులయ్యారు. గుడి గడప తొక్కనివ్వని మనుషులకు చర్చి బడి పెట్టింది, నువ్వూ దేవుని బిడ్డవే అన్నది. ఆ మాట విలువ మనకు తెలుసు. అందుకే అడుగుతున్నాం: ఆ మాట ఇంటి గడప దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

పాపానికి రెండు తూకాలుండటం కొత్త కాదు. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్యకు మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు. దానితోపాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో కూడా చూపాలి. ఈ తేడా పోవడానికి 2001 దాకా, 132 ఏళ్లు పట్టింది. చట్టం మారింది. ప్రసంగం మారిందా?

వాళ్లు చూపే గ్రంథాన్నే చూద్దాం. యేసు నరకానికి వాడిన మాట గెహెన్నా. అది యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరు. అక్కడ కన్నవాళ్లే పిల్లల్ని అగ్నిలో కాల్చారని యిర్మీయా గ్రంథం చెబుతుంది. అంటే, బలవంతులు బలహీనుల్ని కాల్చిన చోటే నరకానికి పేరైంది! మత్తయి 25వ అధ్యాయంలో నిత్యాగ్నికి పోయేది ఆకలిగొన్నవారికి అన్నం పెట్టనివాళ్లు, పరదేశికి చోటివ్వనివాళ్లు. దెబ్బలు తాళలేక ఇల్లు విడిచిన ఆడది ఆ జాబితాలో లేదు. "లోబడి ఉండు" అనడానికి ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం చూపుతారు. భార్యను సొంత శరీరంలా ప్రేమించమని భర్తకు చెప్పిందీ ఆ అధ్యాయమే. ఆ సగం ఎందుకు వినిపించదు?

తెలుగు క్రైస్తవులు మోక్షాన్ని "రక్షణ" అంటారు. 2005 నాటి గృహహింస చట్టంలో ఉన్నదీ రక్షణే. రక్షణ అధికారి, రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే నివసించే హక్కు దాని ద్వారా వస్తాయి. ఒక రక్షణ కోసం ఇంకో రక్షణ వదులుకోమనడం ఏం న్యాయం?

కార్యకర్తలకు ఒక మాట. "అదంతా మూఢనమ్మకం, వదిలెయ్" అంటే ఆ సోదరి మళ్లీ మన గడప తొక్కదు. ఆమె విశ్వాసం ఆమెది. దాన్ని ఆమె మెడకు ఉరి చేసిన పెత్తనాన్నే మనం నిలదీయాలి. సంఘ పెద్దల దగ్గరకు ఆమెతో కలిసి వెళ్దాం. కొట్టడం పాపమని వేదిక మీద, మగవాళ్ల ముందు చెప్పమందాం. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆమే మొదటి స్త్రీ బిషప్. స్త్రీ బిషప్ కాగలిగిన చోట స్త్రీ గోడు వినే కమిటీ ఉండలేదా?

చచ్చాక వచ్చే నరకం గురించి తరువాత మాట్లాడుకుందాం. ముందు ఈ రాత్రి ఆమె ఇంట్లో ఉన్న నరకాన్ని ఆర్పుదాం.