పక్క గదికి పోయే ఫైలు ఊరంతా తిరగాలా?

ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, పిల్లలకో పాత కంప్యూటర్. ఖానాపూర్ లాంటి మండల కేంద్రంలోనూ ఇప్పుడిది వింత కాదు. వీటిని ఒకదానితో ఒకటి కలుపుకోండి అంటే మాత్రం ఒకటే జవాబు: "నెట్‌వర్క్‌లు ఆఫీసులకు. మనకు వాట్సాప్ చాలదా?"

చాలదు. 12 మెగాపిక్సెల్ పెళ్లి ఫొటోలో అడ్డంగా 4,000 చుక్కలుంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అవి సుమారు 1,600కు తగ్గుతాయి. ఫోన్‌లో తేడా తెలియదు. ఆల్బమ్‌కు పెద్దగా ప్రింటు వేయిస్తే మొహాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపితే సరి అంటారు. అప్పుడు నాణ్యత తగ్గదు, నిజమే. కానీ పక్క గదిలోని ల్యాప్‌టాప్‌కు చేరాలన్నా అది ఎక్కడో ఉన్న సర్వర్‌ దాకా పోయి రావాల్సిందే. సదర్‌మాట్ కాలువ పొలం పక్కనే పారుతుంటే హైదరాబాద్ నుంచి ట్యాంకర్ తెప్పించుకున్నట్టు! 10 జీబీ పెళ్లి వీడియో 10 ఎంబీపీఎస్ లైన్ మీద పైకి ఎక్కడానికే రెండు గంటలు దాటుతుంది. గిగాబిట్ రౌటర్‌కు కేబుల్‌తో కలిపిన రెండు కంప్యూటర్ల మధ్య అది కొన్ని నిమిషాల పని.

ఖర్చా? నెట్ కనెక్షన్‌తో వచ్చిన రౌటరే చాలు. కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌ను షేర్ చేసి, ఎవరు చూడొచ్చో, ఎవరు మార్చొచ్చో నిర్ణయిస్తే సరిపోతుంది. బయట లైన్ తెగినా, రౌటర్‌కు కరెంటున్నంతసేపు ఇంట్లో ఫైళ్లు కదులుతూనే ఉంటాయి.

షేరింగ్‌తో వైరస్ వస్తుందన్నది ఇంకో భయం. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకు సైతం సోకిన వాన్నాక్రై, విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం గుండానే పాకింది. కానీ ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. డ్రైవ్ మొత్తం కాకుండా ఒక్క ఫోల్డరే షేర్ చేయండి. దానికి పాస్‌వర్డ్ పెట్టండి. చుట్టాలకు గెస్ట్ వై-ఫై ఇవ్వండి. ఆధార్, పట్టా పాస్‌బుక్కు ఫొటోలు గ్రూపుల్లో పెట్టేవాళ్లే ఇంటి నెట్‌వర్క్‌ను చూసి భయపడటం విడ్డూరం.

క్లౌడ్ వద్దనడం లేదు. డిస్కు చెడిపోతే బయట ఒక నకలుండాలి. కానీ అన్నీ అక్కడే పెడతామంటే కుదరదు. గూగుల్ ఫొటోస్‌లో అపరిమిత ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి ఉచితంగా దొరికేది 15 జీబీ. కాబట్టి అసలు ఇంట్లో ఉంచుకోండి, నకలు బయట పెట్టండి. రౌటర్‌కు నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నారు, దాంతో పూర్తి పని చేయించుకోండి.