చవక మందు కరవైతే...

2022 నవంబరులో అహ్మదాబాద్ సమీపంలోని ఒక ఔషధ కర్మాగారాన్ని అమెరికా ఎఫ్‌డీఏ అధికారులు తనిఖీ చేశారు. రికార్డుల నిర్వహణలో తీవ్ర లోపాలు బయటపడటంతో అక్కడ ఉత్పత్తి నిలిచిపోయింది. పర్యవసానంగా 2023లో అమెరికా ఆసుపత్రులలో సిస్‌ప్లాటిన్, ఆ వెనుకనే కార్బోప్లాటిన్ ఇంజెక్షన్లకు కొరత ఏర్పడింది. ఉన్న మందును ముందుగా ఎవరికి ఇవ్వాలన్న ధర్మసంకటం వైద్యులకు ఎదురయింది. సిస్‌ప్లాటిన్ కొరత తీరేసరికి 2024 జూన్ వచ్చింది.

క్యాన్సర్ కణం రెండుగా విడిపోవాలంటే ముందుగా తన డీఎన్‌ఏకు నకలు తీసుకోవాలి. పెనవేసుకున్న రెండు పోగులు విడివడి, ఒక్కొక్క దానికి జతగా కొత్త పోగు ఏర్పడుతుంది. సిస్‌ప్లాటిన్‌లోని ప్లాటినం పక్కపక్కనున్న గ్వానిన్లను బంధిస్తుంది. పోగు అక్కడ వంగిపోయి, నకలు తీసే ఎంజైమ్ ముందుకు సాగలేదు. నష్టాన్ని సరిచేసుకోలేని కణం మరణిస్తుంది. మెథోట్రెక్సేట్‌ది వేరొక మార్గం. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన ఈ మందు, ఒక ఎంజైమును అడ్డగించి డీఎన్‌ఏకు కావలసిన ముడిసరుకు తయారు కానీయదు. ఈ కోవకు చెందిన తొలి మందులు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందడం తెలుగువారికి గర్వకారణం. జుట్టు కుదుళ్లు, ఎముక మజ్జ, పేగులలోని కణాలూ వేగంగా విభజన చెందుతాయి కనుక ఈ మందుల దెబ్బ వాటికీ తప్పదు.

వృషణ క్యాన్సర్‌ను నయం చేసే చికిత్సకు సిస్‌ప్లాటిన్ మూలాధారం. తల, మెడ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో రేడియేషన్‌తో కలిపి దీనినే వాడతారు. అమెరికాలో 1978లోనే అనుమతి పొందిన ఈ మందుకు పేటెంట్ రక్షణ ఏనాడో తీరిపోయింది. ధర తగ్గడం రోగికి మేలే. అయితే లాభం సన్నగిల్లిన సరుకును తయారుచేసేవారు కొద్దిమందే మిగులుతారు. వారిలో ఒకరు ఆగిపోతే ఆ లోటును పూడ్చేవారు ఉండరు.

2024 జులై బడ్జెట్‌లో కేంద్రం మూడు ఖరీదైన క్యాన్సర్ మందులకు దిగుమతి సుంకాన్ని మినహాయించింది. వాటిలో ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ కూడా చివరకు డీఎన్‌ఏ నకలును దెబ్బతీసే పదార్థాన్నే కణంలోకి చేరవేస్తుంది. ఈ మినహాయింపు స్వాగతించదగినదే. కానీ పేద రోగికి అందుబాటులో ఉన్నవి పాత మందులే. వాటిని ఒకటికి మించిన కర్మాగారాలలో తయారు చేయించడం, కొంత నిల్వ ఉంచడం, లోపాలను పరాయి అధికారుల కన్నా ముందే పసిగట్టడం ప్రభుత్వ బాధ్యత. కర్మాగారం తెరిచేదాకా కణ విభజన ఆగదు.