బోను ఇంకా ఖాళీగానే ఉంది

గ్రెన్‌ఫెల్ టవర్ బయటి గోడలకు మొదట జింకు పలకలు వేయిద్దామనుకున్నారు. తర్వాత ఖర్చు తగ్గించాలని అల్యూమినియం పలకలకు మారారు. అలా మిగిలిన సొమ్ము 2,93,368 పౌండ్లు. అల్యూమినియం అంటే గట్టి లోహం అనుకునేరు. అది రెండు పల్చటి రేకుల మధ్య పాలిథీన్ కూరిన సరుకు. 2017 జూన్ 14న, రాత్రి ఒంటిగంట కావస్తుండగా, లండన్‌లోని ఆ భవనం నాలుగో అంతస్తులో ఒక వంటింటి ఫ్రిజ్ దగ్గర నిప్పు పుట్టింది. కిటికీ దాటి ఆ పలకలను అందుకున్నాక అరగంటలోపే 24 అంతస్తుల కొసకు పాకింది. మెట్లదారి ఒక్కటే. స్ప్రింక్లర్లు లేవు. ఎవరింట్లో వాళ్లు తలుపులేసుకుని ఉండాలన్న పాత సూచనను అగ్నిమాపక దళం రెండున్నర దాటేదాకా వెనక్కి తీసుకోలేదు. 72 మంది చనిపోయారు. వాళ్లలో 18 మంది పిల్లలు.

ఇదంతా చాలామంది అప్పట్లో చదివే ఉంటారు. ఆ రాత్రి గురించి కాదు, ఆ తర్వాతి ఏళ్ల గురించి రాద్దామని ఈ వారం కూర్చున్నాను.

కెన్సింగ్టన్-చెల్సీ లండన్‌లోకెల్లా డబ్బున్న ప్రాంతాల్లో ఒకటి. గ్రెన్‌ఫెల్ ఉన్నది దాని ఉత్తరపు అంచున. మొరాకో, ఇథియోపియా, ఎరిత్రియా, సూడాన్, సిరియాల నుంచి వచ్చినవాళ్లూ, తరాలుగా అక్కడే బతుకుతున్న ఇంగ్లిష్ వాళ్లూ కలిసి ఉండే, కౌన్సిల్ అనే స్థానిక పాలక సంస్థ అద్దెకిచ్చే ఇళ్లు అవి. నిప్పు భయం గురించి వాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. జనం చచ్చిపోయేంత ఘోరం జరిగితే తప్ప ఈ యాజమాన్యం అసమర్థత బయటపడదని అక్కడి నివాసుల బృందం 2016 నవంబరులోనే రాసింది. అంతకు మూడేళ్ల ముందు, 2013లో, ఆ బృందం రాతలు పరువు తీసేలా ఉన్నాయంటూ కౌన్సిల్ న్యాయవాది వాళ్లకు లేఖ పంపాడు. అద్దెకున్నవాడు నోరెత్తితే లోకంలో ఎక్కడైనా మొదట దొరికే జవాబు నోటీసే.

మంటలార్పాక కౌన్సిల్ తేలిపోయింది. అన్నం పెట్టిందీ, బట్టలిచ్చిందీ, తప్పిపోయినవాళ్ల ఫొటోలు గోడలకు అంటించిందీ చుట్టుపక్కల మసీదులు, చర్చిలు, వీధిలోని మనుషులు. అది రంజాన్ మాసం. ఉపవాసం విడిచే వేళకు హలాల్ భోజనమైనా సరిగా అందలేదని, బాధితుల మర్యాదకు తగినట్టు కౌన్సిల్ నడుచుకోలేదని తర్వాత ప్రభుత్వం వేసిన విచారణ సంఘం నివేదికే తప్పుపట్టింది. అప్పటి ప్రధాని థెరిసా మే మర్నాడు వచ్చారు, అగ్నిమాపక సిబ్బందిని కలిశారు, బాధితులను కలవకుండానే వెళ్లిపోయారు. రెండు వారాల తర్వాత జరిగిన కౌన్సిల్ సమావేశం ఇంకా విడ్డూరం. ప్రజలనూ విలేకరులనూ రానివ్వకూడదనుకున్నారు. విలేకరులను అనుమతించాల్సిందేనని హైకోర్టు చెప్పింది. దాంతో సమావేశాన్నే మధ్యలో ఆపేసి లేచిపోయారు. మర్నాడు కౌన్సిల్ నాయకుడు రాజీనామా చేశాడు. మూడు వారాల్లో అందరికీ ఇళ్లన్నారు. ఏడాది తిరిగినా చాలా కుటుంబాలు హోటళ్లలోనూ తాత్కాలిక వసతుల్లోనూ గడిపాయి.

వాళ్లు చెదిరిపోలేదు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది అదే. బతికి బయటపడ్డవాళ్లూ, ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లూ కలిసి గ్రెన్‌ఫెల్ యునైటెడ్ పెట్టుకున్నారు. ప్రతి నెలా 14న వీధుల్లో నడక మొదలుపెట్టారు. నినాదాలుండేవి కావు, మైకులుండేవి కావు. ఆకుపచ్చ గుండె గుర్తు పెట్టుకుని, మాట్లాడకుండా నడిచేవారు. మాట్లాడాల్సిన చోట మాత్రం గట్టిగానే మాట్లాడారు. విచారణ సంఘంలో న్యాయమూర్తి ఒక్కరే ఉంటే చాలదు, భిన్న నేపథ్యాల సభ్యులు కూడా ఉండాలని అడిగారు. ప్రధాని 2017 డిసెంబరులో కుదరదన్నారు. లక్షన్నరకు పైగా సంతకాలు పోగయ్యాయి. 2018 మేలో అదే ప్రధాని విచారణ రెండో దశకు మరో ఇద్దరు సభ్యులను వేస్తామన్నారు.

ఆ నెలలోనే విచారణలో వాంగ్మూలాలు మొదలైన తీరు చూడండి. మొదట పిలిచింది ఇంజినీర్లనో అధికారులనో కాదు. కొన్ని రోజులపాటు కుటుంబాలు ఒక్కొక్కటిగా వచ్చి, తాము పోగొట్టుకున్న మనిషి ఎవరో, ఏం ఇష్టపడేవారో, ఎలా నవ్వేవారో చెప్పాయి. వాళ్లలో ఒక బిడ్డ పుట్టకముందే పోయాడు. తల్లి ప్రాణాలతో బయటపడింది. పలకల మందం గురించీ మండే గుణం గురించీ వాదనలు ఆ తర్వాతే. అంతేకాదు, వందలాది బాధితులకు విచారణలో భాగస్వాముల హోదా దక్కింది. పత్రాలు చూసే హక్కు, లాయర్ల ద్వారా ప్రశ్నలు సూచించే హక్కు వచ్చాయి. మన దగ్గర బాధితుడంటే వాంగ్మూలం ఇచ్చి వెళ్లిపోయేవాడు.

సర్ మార్టిన్ మూర్-బిక్ నేతృత్వంలోని విచారణ తుది నివేదిక 2024 సెప్టెంబరు 4న వచ్చింది. దాదాపు 1,700 పేజీలు, ఏడు సంపుటాలు. ప్రతి మరణమూ నివారించగలిగినదే అన్నారాయన. ఈ రకం పలకలు భయంకరంగా మండుతాయని ప్రభుత్వం 2001లో చేయించిన పరీక్షలోనే తేలింది. ఫలితాన్ని బయటపెట్టలేదు, నిబంధన బిగించలేదు. 2009లో అదే లండన్‌లో లాకనల్ హౌస్ కాలి ఆరుగురు పోయినప్పుడు న్యాయ విచారణాధికారి చేసిన సూచనలూ నత్తనడకన పడ్డాయి. పలకలు తయారుచేసిన ఆర్కోనిక్, లోపలి ఇన్సులేషన్ అమ్మిన సెలొటెక్స్, కింగ్‌స్పాన్ సంస్థలు పరీక్షల విషయంలో మార్కెట్టును మోసగించాయని నివేదిక రాసింది. ఆ సంస్థలు తమ వాదన తాము వినిపించాయి. టవర్‌లో వికలాంగులు 37 మంది ఉంటే 15 మంది చనిపోయారు. వాళ్లను కిందికి ఎలా దించాలో ఏ పథకమూ లేదు.

ప్రధాని కీర్ స్టార్మర్ పార్లమెంటులో రాజ్యం తరఫున క్షమాపణ చెప్పారు. సరే, బోనెక్కింది ఎవరు?

ఎవరూ ఎక్కలేదు. విచారణ నివేదిక వచ్చేదాకా ఆగుతామని, దాన్ని వాక్యం వాక్యం పరిశీలిస్తామని పోలీసులు అన్నారు. 19 సంస్థలు, 58 మంది వ్యక్తుల మీద దర్యాప్తు సాగుతోందని 2024లో ప్రకటించారు. కోర్టులో కేసు 2027కు ముందు మొదలయ్యే సూచన లేదు. పైగా 2020లో సాక్షులు మొండికేస్తే, విచారణలో వాళ్లు నోటితో చెప్పిన మాటలను వాళ్ల మీదే వాడబోమని అటార్నీ జనరల్ హామీ ఇచ్చారు. నిజం రాబట్టాలంటే ఇదే దారి అన్నారు. ఆ వాదనలో కొంత బలముందని ఒప్పుకుంటాను. కానీ నిజం ముందు, శిక్ష తర్వాత అనుకున్నప్పుడు, ఆ తర్వాత అన్నది ఎప్పుడో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా!

చట్టం అక్కడ నిద్రపోయిందనుకునేరు. టవర్‌లో ఉండేవాళ్లమని అబద్ధమాడి హోటల్ గదులూ సహాయ ధనమూ కాజేసిన పలువురిని 2018 నుంచే జైలుకు పంపారు. పంపాల్సిందే. అయితే నకిలీ బాధితుడిని కొన్ని నెలల్లో పట్టుకోగలిగిన వ్యవస్థకు, మోసపు పరీక్షలు చూపి సరుకు అమ్మినవాడిని కోర్టుకు తేవడానికి ఇన్నేళ్లు చాలడం లేదు. ఇది చేతకానితనం కాదు, ఎంపిక.

2023లో దాదాపు 900 మందికి 15 కోట్ల పౌండ్ల మేర సివిల్ రాజీ కుదిరింది. డబ్బు తీసుకున్నారు కాబట్టి ఇక నోరు మూసుకోవాలని వాళ్లు అనుకోలేదు. పరిహారం వేరు, న్యాయం వేరని కుటుంబాలు అప్పుడే తేల్చి చెప్పాయి. మనం ఈ మాట దగ్గరే తడబడతాం.

హైదరాబాద్‌నే తీసుకోండి. 2022 మార్చిలో భోయిగూడ తుక్కు గోదాము మీద నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్ అపార్ట్‌మెంటులో కనీసం 9 మంది. అక్కడ కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. 2025 మే 18న చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో 17 మంది, వాళ్లలో 8 మంది పసివాళ్లు. ప్రతిసారీ అదే వరస. నాయకులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, షార్ట్ సర్క్యూట్ అంటారు, నగరమంతా తనిఖీలు అంటారు. పదకొండో రోజుకు అందరం మరచిపోతాం. చెక్కు అందింది అన్న వార్తే ఆఖరి వార్త. ఈ మూడింట్లో ఏ ఒక్కదాని మీదైనా పూర్తి దర్యాప్తు నివేదిక మీలో ఎవరైనా చదివారా?

మన కుటుంబాలకు పట్టుదల లేదని నేననను. కలిసి నిలబడే చోటు లేదు. 2024 జూన్ 12న కువైట్ మంగాఫ్‌లో కార్మికుల వసతి భవనం కాలి కనీసం 45 మంది భారతీయులు పోయారు. వాళ్లలో ముగ్గురు మన ఆంధ్రవాళ్లు. శవపేటికలు జూన్ 14న కొచ్చికి వచ్చి, అక్కడి నుంచి తలో రాష్ట్రానికి, తలో ఊరికి చేరాయి. కేరళలోని ఓ తల్లికీ పశ్చిమ గోదావరిలోని ఓ భార్యకూ ఉమ్మడి వీధి ఏది? ఎవరి ఏడుపు వాళ్ల గుమ్మంలోనే. భోయిగూడ కూలీల కుటుంబాలదీ అదే గతి. అలాంటివాళ్లను ఒక చోటికి చేర్చి, లాయరునిచ్చి, విచారణలో కూర్చోబెట్టడం ప్రభుత్వం చేయాల్సిన పని. అది దయ కాదు.

గ్రెన్‌ఫెల్ వాళ్లు అందరూ ఒకే మాట మీద ఉన్నారనుకోవడం కూడా తప్పే. మిగిలిన టవర్‌ను కూల్చేస్తామని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రకటించినప్పుడు కిటికీ తెరిస్తే అదే కనబడుతోంది, తీసేయండన్నవాళ్లున్నారు. అది మా వాళ్ల సమాధి, కేసు తేలేదాకా ముట్టుకోవద్దన్నవాళ్లూ ఉన్నారు. మా మాట సరిగా వినలేదని ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. ఆ సెప్టెంబరులో పని మొదలైంది. అయినా 2018లో ఎత్తయిన ఇళ్లకు మండే పలకల మీద వచ్చిన నిషేధం, 2022 భవన భద్రతా చట్టం, 2023 సామాజిక గృహ నియంత్రణ చట్టం ఆ నడకల వెంటే వచ్చాయి. శిక్ష ఒక్కటే రాలేదు.

మన దగ్గర మొదలుపెట్టడానికి అంత పెద్ద సంఘం అక్కర్లేదు. మీ ఊళ్లో జరిగిన అగ్నిప్రమాదం మీద దర్యాప్తు నివేదిక ప్రతి కావాలని సమాచార హక్కు చట్టం కింద జిల్లా అధికారులకు దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు. నివేదికే లేదని జవాబు వస్తే, ఆ కాగితం పట్టుకుని ఆ కుటుంబాల దగ్గరికి వెళ్లండి, తర్వాత పత్రికలకు పంపండి.